రాణమ్మ నోట అంగడి మాట

నెలకు ఇద్దరు ముగ్గురు పిల్లలు నాకు ఫోన్ చేస్తా ఉంటారు. "సార్, డైలాగ్ కోచ్ కావాలంటే ఏం కోర్సు చెయ్యాలి?" అని. కోర్సూ లేదు కాకరకాయా లేదు నాయనా అంటే నమ్మరు. ముసలోడు ఏదో గుట్టు దాచిపెట్టుకొని కూచున్నాడనుకుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని మార్కాపురంలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకొని ఇది రాస్తన్నా. ఎట్ల మాట్లాడతానో అట్లనే రాస్తా. యాసలు నేర్పి బతికినోడు పుస్తకభాషలో రాస్తే ఏం బాగుంటుంది?

నా పేరు మస్తాన్‌వలి. సినిమావాళ్లకు వలీ మాస్టర్ని. తెలుగు రానోళ్లతో తెలుగు పలికించడం, తెలుగు వచ్చినోళ్లతో వాళ్లది కాని తెలుగు పలికించడం నా పని. నేను చేసినవి ఎక్కువగా రాజుల సినిమాలు, పాలెగాళ్ల సినిమాలు. మామూలు సినిమాలో హీరో ఎట్ల మాట్లాడినా అడిగేవాడు లేడు. నెత్తిన కిరీటం పెట్టేసరికి అందరికీ భాష గుర్తొస్తుంది.

నాకు ఎవరు శాలువా కప్పినారో, ఎన్నిసార్లు తెర మీద పేరు పడిందో రాయను. ఆ శాలువాలు మా ఇంటావిడ రజియా ఎప్పుడో పరుపుల కింద పరిచేసింది. నేను చేసిన తప్పులు రాస్తా. మీకు పనికొచ్చేవి అవే.

అరవై ఆరు, ప్రభూ!

నేను మొదట్లో ప్రాంప్టర్ని. మార్కాపురంలో ఉన్నప్పుడు నాటకాలోళ్లకు తెర పక్కన నిలబడి మాట అందించేవాణ్ణి. ఆ అలవాటే నన్ను హైదరాబాదుకు తీసుకుపోయింది. అక్కడ కెమెరా పక్కన గొంతుక్కూచోని అదే పని.

నా మొదటి పెద్ద సినిమాలో రాజు వేషం ఒక ఉత్తరాది ఆయనకిచ్చినారు. మంచి ఎత్తు, మంచి ఛాతీ. గుర్రం మీద కూచుంటే గుర్రానికే అందం వచ్చేది. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. రెండు రోజులు తల కొట్టుకొని నేర్పినా. మూడో రోజు ఆయన చాలా మర్యాదగా, "మాస్టర్‌జీ, నేను అంకెలు చెప్పేస్తాను, తర్వాత డబ్బింగులో చూసుకోండి" అన్నాడు. అప్పట్లో అది మామూలే. పెదాలు ఆడితే చాలు, గొంతు ఇంకొకరు పెడతారు. హిందీ అంకెలైతే పెదాలు కలవవని డైరెక్టరు అంటే, ఒక పూటంతా కూచోబెట్టి ఆయనకు తెలుగు అంకెలు నేర్పినా. ఆయనకు వచ్చిన తెలుగు అంతవరకే.

దర్బారు సీను. కొలువు నిండా మంత్రులు, సేనాపతులు. శత్రురాజు రాయబారి వచ్చి నిలబడినాడు. మా రాజుకు కోపమొచ్చి యుద్ధం ప్రకటించాల. ఆయన సింహాసనం మీంచి లేచి, కత్తి దూసి, కళ్లెర్రజేసి, "అరవై రెండు! అరవై మూడు! అరవై నాలుగూ... అరవై ఐదూ!" అని గర్జించినాడు.

మంత్రి వేషంలో త్రిపురాంతకం నుంచి వచ్చిన పాత నాటకాల ఆయన ఉన్నాడు. రామకోటయ్య మామ అంటాం. ఆయన నిదానంగా లేచి, చేతులు కట్టుకొని, తల వంచి, నిండు గొంతుతో "అరవై ఆరు, ప్రభూ!" అన్నాడు. సేనాపతులు డాళ్లు మొహానికి అడ్డం పెట్టుకొని నవ్వినారు. రాయబారి వెనక్కి తిరిగిపోయినాడు. రాజు మాత్రం "వెరీ గుడ్ టైమింగ్" అని మామ భుజం తట్టినాడు.

టిఫిను దగ్గర మామను పట్టుకొని తిట్టినా. "ఏంది మామా, బంగారం లాంటి సీను పాడుచేస్తివి?"

"నేనేం పాడుచేసినారా వలీ? ఆయన ఒక అంకె చెప్పినాడు, నేను దాని తర్వాతది చెప్పినా. ఆ కొలువు మొత్తంలో ఎదుటోడి మాట విన్నోణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు ఇడ్లీ నముల్తా.

నవ్వులాటకే అన్నాడు గానీ ఆ మాట నాకు లోపల దిగింది. మాట నేర్పడమంటే నోరు తిప్పడం నేర్పడం కాదు, ఎదుటోణ్ణి వినడం నేర్పడం. బుర్రకైతే అప్పుడే ఎక్కింది. ఆచరణలోకి రావడానికి మాత్రం నా సర్వీసంతా పట్టింది.

కిరీటం సరిపోతుంది, నోరు సరిపోదు

సరిపోని వేషాలు నేను చూసినన్ని మీరెవరూ చూసుండరు. కరువు కాలంలో ఆకలితో అలమటించే రైతు వేషానికి ఒకాయన జిమ్ముకు పోయి పొట్ట మీద ఆరు పలకలు తీర్చుకొని వచ్చినాడు. రాతిపలకలకు పేరుపడిన మా మార్కాపురంలో కూడా అంత నున్నటి పలకలు నేను చూళ్లేదు. ఒక సినిమాలో రాజమాత వేషం వేసినామె, రాజు వేషం వేసినాయన కంటే వయసులో చిన్నది. ఆయన ఆమె కాళ్లకు మొక్కి లేచేటప్పుడు ఆమే చెయ్యిచ్చి లేపాల్సి వచ్చేది, ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఇంకొక సినిమాలో కోస్తా ఆయన ఒకాయన నవాబు వేషం వేసినాడు. ఆయన ఉర్దూ డైలాగు చెప్తా ఉంటే పెళ్లిలో పంతులు మంత్రం చదివినట్టు ఉండేది. మా ఇంట్లో అందరం ఆ సినిమాకు పోయి అక్షింతలు వేసి వచ్చినాం అనుకోండి.

ఇట్లాంటప్పుడు జనం నటుల్ని తిడతారు. మీరు మాత్రం తిట్టొద్దు. పాపం, ఆ వేషం వాళ్లు అడగలా. పోస్టరు మీద మొహం కావాలని తెచ్చి పెట్టినారు. మేకప్పుకు మూడు గంటలిస్తారు, నగలకు ఒక మనిషిని పెడతారు, మీసానికి ఇంకొక మనిషిని పెడతారు. యాసకొచ్చేసరికి, "హోటల్ నుంచి కారులో వచ్చేటప్పుడు నేర్పెయ్ మాస్టర్" అంటారు. దోవలో నేర్చిన యాస దోవలోనే దిగిపోతుంది. మొదటిరోజే గట్టిగా టైము అడగండి. సిగ్గుపడితే తెర మీద పడే మచ్చ మీదే.

డైరెక్టర్లు ఇంకొకటి అడుగుతారు. "ఐదొందల ఏళ్ల కింద ఎట్ల మాట్లాడినారో అచ్చం అట్లనే కావాల మాస్టర్" అని. ఎవరికి తెల్సు సార్, టేపులేమన్నా పెట్టి పోయినారా అని నేనడిగేవాణ్ణి. అచ్చం అప్పటి మాట ఎవరూ తేలేరు. వినేవాడు కథలోంచి బయటికి వచ్చి, "ఇదేంది, ఈయన ఇట్ల మాట్లాడతన్నాడు" అనుకోకుండా చూడగలిగితే చాలు. నేను ఒప్పుకునే కొలత అదొక్కటే.

ఒక మంట మాత్రం నాకు మొదట్నుంచీ ఉంది. రాజుకు పుస్తకభాష పెడతారు. కత్తి పట్టుకొని నరికేవాడికి సీమ మాట పెడతారు. నవ్వించేవాడికి ఏదో ఒక పల్లె యాస తగిలిస్తారు. ఎవరి యాసకు ఏ ఉద్యోగమో ఎవరు పంచిపెట్టినారో తెలీదు. మా మార్కాపురం, గిద్దలూరు మాటకైతే ఆ ఉద్యోగం కూడా లేదు. మేం ఒంగోలు పోతే సీమోళ్లంటారు, కర్నూలు పోతే కోస్తావాళ్లంటారు. సినిమాలో ఒక్కసారన్నా మా మాట వినాలని నాకు మహా ఆశగా ఉండేది. ఆ ఆశే నా కొంప ముంచింది.

కేతకి పట్టు

నేను రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి సినిమా ఇది. నల్లమల అంచున ఒక చిన్న పాలెగాడు, నిండా పాతికేళ్లు లేనోడు, తన కోట కోసం పోరాడి చచ్చిపోతాడు. వాడి తల్లి పేరు రాణమ్మ. గిద్దలూరు దగ్గర సెట్టు వేసినారు. డైరెక్టరు కుర్రోడే గానీ పట్టుదల ఉన్నోడు. ఈ పక్క మాటే కావాలని నన్ను పిలిపించినాడు. ఎగిరి గంతేసినా.

రాణమ్మ వేషానికి కేతకిని తెచ్చినారు. అసలు పేరు వేరే, ఇక్కడ కేతకి అనుకుందాం. నాగపూరు అమ్మాయి. పన్నెండేళ్లుగా మన సినిమాల్లో పాటలకు ఎగిరిన మనిషి. తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. "ఈమె పల్లె తల్లి ఏంది, పెళ్లికూతురు మాదిరుంటే!" అని యూనిట్లో అందరూ చాటుగా అన్నారు. నేనూ అన్నా, అబద్ధమెందుకు?

మొదటి రోజే ఆమె సగం హిందీ, సగం తెలుగులో నాతో సూటిగా చెప్పింది. "మాస్టర్, పన్నెండేళ్ల నుంచి తెర మీద మొహం నాది, గొంతు ఎవరిదో. మా అమ్మ ప్రతి సినిమా చూసి, 'అందులో నువ్వెప్పుడు మాట్లాడతావే?' అని అడుగుతుంది. ఈసారి నేనే మాట్లాడతా. నేర్పుతారా, నేర్పరా?"

నిర్మాత ఊరికే ఒప్పుకోలా. ఒక షరతు పెట్టినాడు. సినిమా తీసినాక ముందు గిద్దలూరులో చుట్టుపక్కల జనానికి చూపిస్తాం. రాణమ్మ నోరు తెరిచినప్పుడు జనం నవ్వితే, ఆమె గొంతు తీసేసి డబ్బింగు చెప్పిస్తాం. డబ్బింగు చెప్పే ఆమె డేట్లు కూడా ముందే తీసిపెట్టుకున్నాడు. కేతకి సరేనని సంతకం పెట్టింది. నేను గుండె మీద చెయ్యేసుకొని, "ఒక్కడు కూడా నవ్వడు. నాది పూచీ" అన్నా.

గుడ్డలంగడి

మూడు నెలలు నేర్పినా. ప్రతి డైలాగూ నేనే చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపించినా. ఆ పిల్ల చెవి మామూలు చెవి కాదు. నేను ఎట్ల అంటే అట్ల, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ ఊపిరి తీసి, దించేసేది. నా అంతటి గురువు లేడని నాకు నేనే మురిసిపోయినా.

షూటింగుకు ఇంక పదిహేను రోజులున్నాయనంగా ఆమె గిద్దలూరు వచ్చింది. అప్పటికే సెట్టుకు కొమరోలు నుంచి ఎద్దుల బండ్లు వచ్చినాయి. వాటిని తోలుకొచ్చినోడు చిన్నోబులేసు, వాడి వెంట వాళ్లమ్మ ఓబులమ్మ. ఆ ఎద్దులు ఆమె వేస్తే తప్ప మేత ముట్టవని ఆమె కూడా బండెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. బోరు కింద కాస్త మిరప, కాస్త కంది. మనిషి గట్టిది, నవ్వు ఇంకా గట్టిది.

నాకు గొప్ప చూపించుకోవాలని బుద్ధి పుట్టింది. "ఓబులమ్మక్కా, ఇట్ల రా, ఈమె మాట్లాడేది విను" అని పిలిచినా. కేతకి బండి పక్కన నిటారుగా నిలబడి, కొడుకును యుద్ధానికి సాగనంపే డైలాగు చెప్పింది. ఓబులమ్మ మొదట మర్యాదగా విన్నది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. ఇంక ఆపుకోలేక బండిచక్రం పట్టుకొని కూలబడి నవ్వింది.

"ఏందక్కా, ఏమయింది?"

"ఏం లేదు సాయిబన్నా... ఈమె మాట్లాడతాంటే మార్కాపురం బజార్లో గుడ్డలంగడి కాడ నిలబడినట్టే ఉంది! 'రా అక్కా, చూడు అక్కా, రంగు పోతే నన్నడుగు' అన్నట్టు! అచ్చం నీ మాటే అన్నా! కొడుకును యుద్ధానికి పంపతాందా, పంచె అమ్మతాందా?"

చెంప మీద కొట్టినట్టయింది నాకు. ఎందుకంటే మా నాయనది నిజంగానే మార్కాపురం బజార్లో గుడ్డలంగడి. నేను నడవడం, మాట్లాడడం నేర్చింది ఆ అంగట్లోనే. పాపం ఆమెకు ఆ సంగతి తెలీదు. "నీకేం తెల్సు సినిమా సంగతి!" అని కసురుకొని, కేతకి మొహం కూడా చూడకుండా బస్సెక్కి ఇంటికొచ్చేసినా.

రజియా బియ్యంలో రాళ్లేరుతా కూచోనుంది. "నా తెలుగులో మన ఇంటి మాట వాసన వస్తుందా?" అని అడిగినా. ఆమె చాట మీంచి తల కూడా ఎత్తలా. "అబ్బీచ్ మాలూం హువా క్యా తుమ్నా?" అనింది, ఇప్పుడా తెలిసింది నీకు అని. అంతటితో ఊరుకోలా. "నువ్వు తెలుగు మాట్లాడితే ఉర్దూ, ఉర్దూ మాట్లాడితే అంగడి. పెళ్లికి కూడా మా వాళ్లను గుడ్డ అమ్మినట్టే ఒప్పించినావు కదా" అనింది. ముప్పై ఏళ్లు నేను ఊరందరికీ యాస దిద్దుతా ఉంటే, ఇంట్లో ఈమె ఇది దాచిపెట్టుకొని కూచునింది!

ఫోన్ తీసి నా రికార్డింగు, కేతకిది పక్కపక్కన పెట్టి విన్నా. మాటలన్నీ మా పక్కవే, ఒక్కటీ తప్పు లేదు. ఊపు మాత్రం అంగడిది. ప్రతి మాట చివరా కాస్త పైకి లేపి, బేరం తెగేముందు అక్కను బుజ్జగించే ఊపు. మగోడి ఊపు, అమ్మేవాడి ఊపు. ఊరి మాటంటే నేను మాట్లాడేదే అనుకున్నా నేను. ఒక ఊర్లో ఎన్ని మాటలుంటాయి! అంగడిది ఒకటి, చేనుది ఒకటి, మగోళ్లది ఒకటి, ఆడోళ్లది ఒకటి. మా అంగడి మాట తక్కువదని నేననను, అది నాకు బువ్వ పెట్టిన మాట. రాణమ్మది మాత్రం కాదు.

ఓబులమ్మ అననన్న మాట

తెల్లారి కేతకి ఉండే రూముకు పోయి, తలుపు కాడే నిలబడి చెప్పేసినా. "తప్పు నాదమ్మా. నా రికార్డింగులన్నీ తీసెయ్."

ఆమె దిండు తీసి నా మీదికి విసిరింది. "మూడు నెలలు మాస్టర్! అన్నం తింటా నీ గొంతు, నడుస్తా నీ గొంతు! మా ఆయన మాట కూడా నేను ఇంతగా విన్లేదు!" అనింది. నేను దిండు పట్టుకొని నిలబడినా. అప్పుడు ఆమె కళ్లనీళ్లు పెట్టుకొని, "ఈసారన్నా నా గొంతు అనుకున్నా. ఇదీ నీ గొంతేనా?" అనింది.

పన్నెండేళ్లు ఎవరి గొంతో మోసిన మనిషికి నేను ఇంకొక గొంతు తగిలించినా. అంత సిగ్గు నా సర్వీసులో ఎప్పుడూ పడలా. మీకు చెప్పేది ఇదే. తప్పు తెలిసినరోజే పోయి చెప్పండి. రెండు రోజులు ఆగితే మీరు దాన్ని తప్పు కాదని నిరూపించడానికి సిద్ధమైపోతారు.

ఇద్దరం కలిసి ఓబులమ్మ కాడికి పోయినాం. కసురుకున్నందుకు నేను తప్పయిందన్నా. "దానికేమిలే అన్నా, నేను నవ్వితి, నువ్వు కసురుకుంటివి, సరిపాయ" అనింది. షూటింగు మొదలయ్యేదాకా బండ్లతో పనిలేదని వాళ్లు ఊరికి తిరిగిపోయినారు. ఆ రోజు నుంచి కేతకి రోజూ కొమరోలు పోయి ఓబులమ్మ ఇంట్లోనే ఉండేది. ఓబులమ్మ ఒక్క డైలాగు నేర్పలా. మిరపకాయలకు తొడిమలు తీయించింది. కేతకి తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడింది. ఓబులమ్మ కోళ్లను తిట్టేది, ఎద్దులను బుజ్జగించేది, పక్కింటామెతో గోడ మీంచి పోట్లాడేది. కేతకి అన్నీ వినేది. మెల్లగా మధ్యలో ఒక మాట కలిపేది. నేను బయట మంచం మీద నోరు మూసుకొని కూచునేవాణ్ణి. నాకు జీతమిచ్చింది మాట్లాడినందుకు, పని చేసింది మాత్రం నోరు మూసుకున్నప్పుడే.

ఇంక సినిమాకు ప్రాణం లాంటి సీను మిగిలింది. కొడుకు శవాన్ని కోట వాకిట్లో పడుకోబెడతారు. రాణమ్మ వచ్చి వాడి మీద పడి ఏడుస్తుంది. హైదరాబాదులో రాసినాయన నాలుగు పేజీలు రాసి పంపినాడు. నేను అది ఓబులమ్మకు చదివి వినిపించి, "దీన్ని ఒకసారి నీ మాటల్లో అను అక్కా, ఈమె వింటుంది" అన్నా.

ఓబులమ్మ ఒళ్లో మిరపకాయలు దులుపుకొని లేచి నిలబడింది. "నేననను."

"సినిమానే కదక్కా."

"సినిమా నీకన్నా. అనేది నా నోరే కదా? బతికిన కొడుకును ఇంట్లో పెట్టుకొని సచ్చిన కొడుకు మీద ఏడ్చే మాట ఏ తల్లి అంటాది? మా ఇండ్లల్లో అనం. ఎవరొచ్చి అడిగినా అనను" అనింది. అంతవరకు నవ్వుతా ఉన్న మనిషి మొహం ఒక్కసారి గట్టిపడింది.

నేను ఇంకా నచ్చజెప్పబోతే కేతకి నా చెయ్యి పట్టి ఆపింది. ఆమెకు తెలుగులో అన్ని మాటలూ అందలేదు గానీ సంగతి అందింది. ఓబులమ్మ దగ్గరికి పోయి, వచ్చీరాని తెలుగులో, "అక్కా, నీ కొడుకును పొద్దున ఎట్ల లేపుతావు?" అని అడిగింది.

ఓబులమ్మ మొహం విచ్చుకునింది. "అదేం భాగ్యం! రేపు వచ్చి సూడు."

చిన్నోబులేసు ముప్పై ఏళ్ల మగోడు. ఇంటి ముందు నులక మంచం మీద పడుకుంటాడు. పొద్దున్నే వాడి తలాపున స్టూలు వేసుకొని సినిమా యాక్టరు కూచుంటే ఎట్లుంటుందో ఊహించుకోండి. వాళ్లమ్మ వచ్చి, "లెయ్ నాయనా, లెయ్. పొద్దు నెత్తికెక్కింది. ఎద్దులు నీ దిక్కే సూస్తన్నాయి. సంగటి ఎత్తిపెట్టినా, సల్లారిపోతాది. ఎంతసేపు పడుకుంటావు నాయనా, లెయ్" అనింది. వాడు కళ్లు తెరిచి కేతకిని చూసి, దుప్పటి చుట్టుకొని ఇంట్లోకి పరిగెత్తినాడు. మరుసటి రోజు వాళ్లమ్మ పిలవకముందే తల దువ్వుకొని, మొహానికి పౌడరు రాసుకొని మంచం మీద నిద్రపోతా ఉన్నాడు. "నిద్రపోయేవాడు పౌడరేసుకుంటాడంట్రా!" అని ఓబులమ్మ వీపు మీద ఒకటిచ్చింది.

నాలుగో రోజు వాడు బండ్లు తోలి తోలి అలిసిపోయి ఒళ్లు తెలీకుండా పడుకోనున్నాడు. ఆ రోజు లేపింది కేతకి. అవే మాటలు, ఆమె సన్న గొంతుతో, నిదానంగా. వాడు కళ్లు తెరవకుండానే, "వస్తన్నానమ్మా, ఇంకాసేపు" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. నేను గోడకు ఆనుకొని నిలబడి అల్లాను తలుచుకున్నా.

ఆ మాటలు చావు సీన్లో పెట్టుకుంటాం, నీకేమన్నా పట్టింపా అని ఓబులమ్మను అడిగినా. "నేను బతికినోణ్ణి లేపినా. ఆమె ఎవర్ని లేపుకుంటాదో ఆమె ఇష్టం" అనింది.

రాసినాయన ఫోన్లో ఎగిరిపడినాడు. "రాణి కొడుకు చచ్చిపోతే సంగటి గురించి మాట్లాడుతుందా!" అని. డైరెక్టరు తెలివైనోడు, రెండూ తీద్దామన్నాడు. నాలుగు పేజీలదీ తీసినారు, బాగానే వచ్చింది. తర్వాత కేతకి కోట వాకిట్లో కొడుకు తలాపున కూచోని, నుదుటి మీద మట్టి తుడిచి, "లెయ్ నాయనా, లెయ్" అనింది. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయినాడు. లైటుబాయ్‌లతో సహా అందరం ఏడ్చినాం. అయినా ఆయన నా దగ్గరికొచ్చి, "మనం ఏడిస్తే లెక్కలోకి రాదు మాస్టర్. గిద్దలూరు చూడాల" అన్నాడు.

గిద్దలూరులో పొద్దటి ఆట

ఆరేడు నెలలకు ఆ రోజు వచ్చింది. కొమరోలు, వెలిగండ్ల, త్రిపురాంతకం నుంచి కూడా జనాన్ని పిలిచినారు. నిర్మాత, డైరెక్టరు వెనక గోడకు ఆనుకొని నిలబడినారు. కేతకి తానూ చూస్తానని పట్టుబట్టింది. గుర్తుపడితే హాలు పీకి పందిరేస్తారు. అందుకని రజియా తన బురఖా ఒకటి ఆమెకు తొడిగి, మా ఇద్దరి మధ్య కూచోబెట్టింది.

జనం మంచి హుషారు మీద ఉన్నారు. కొమరోలు వాళ్లయితే ఎద్దులు కనపడగానే, "ఒరేయ్, అది మన చిన్నోబులేసు ఎద్దురా!" అని ఈలలు వేసినారు. కుర్ర పాలెగాడు కాలేజీ తెలుగులో సవాలు విసిరితే పగలబడి నవ్వినారు. అతనికి నేర్పడానికి నాకు కారు ప్రయాణమే ఇచ్చినారు, అతని తప్పు లేదు. జనం నవ్విన ప్రతిసారీ కేతకి రజియా చెయ్యి గట్టిగా పట్టుకునేది. రాణమ్మ మొదటి రెండు సీన్లకు ఎవరూ నవ్వలా. కానీ ఏమీ అనలా కూడా.

చావు సీను వచ్చింది. మా ముందు వరసలో ఓబులమ్మ లేచి, "రారా, మనం చూడొద్దు" అని కొడుకు చెయ్యి పట్టుకొని బయటికి లాక్కుపోయింది. తెర మీద కేతకి సొంత గొంతు మొదలయింది. హాలంతా గమ్మునయిపోయింది. ఆ గమ్మున ఉండడం ఎట్లాంటిదో నాకు అంతుబట్టలా. మనసు కదిలిందా, విసుగొచ్చిందా? ముప్పై ఏళ్ల అనుభవం ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాలా. "మాస్టర్, వీళ్లు ఎందుకు ఏమీ అనడం లేదు?" అని కేతకి నా చెవిలో అడిగింది. "ఉండమ్మా" అన్నా.

ఆట అయిపోయినాక బయట గేటు కాడికి వచ్చినాం. నాకు మనసు ఆగలా. వెలిగండ్ల బస్సులో వచ్చిన ఒకామె, చెట్టంత మనిషి, గోడ పక్కన నిలబడి ముక్కు చీదుకుంటా ఉంది. ఆమెను పట్టుకొని, "అక్కా, ఆ రాణమ్మ మాట ఎట్లుంది? మన మాట మాదిరే ఉందా?" అని అడిగినా. నిర్మాత నా వెనకే చెవి పెట్టుకొని నిలబడినాడు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మాటేంది?"

"అదేనక్కా, కొడుకు కాడ కూచోని మాట్లాడింది కదా. ఆ మాట, ఆ యాస..."

"కన్నబిడ్డ సచ్చి పడుంటే మాట ఎట్లుందని అడుగుతావేందన్నా!" అని ఆమె నా మీద ఇంతెత్తున లేచింది. "మనిషివేనా నువ్వు? వాడికోసం సంగటి ఎత్తిపెట్టుకొని కూచుందే ఆ తల్లి, ఇప్పుడు దాని గతేంది? అది అడుగు! మాటంట, మాట!"

నిర్మాత మెల్లగా పక్కకు జరిగి ఫోన్ తీసినాడు. డబ్బింగు ఆమె డేట్లు వద్దని చెప్పడం నాకు వినపడింది. కేతకికీ వినపడింది. బురఖాలోపల వెక్కి వెక్కి ఏడుస్తా, ఆమె వెలిగండ్ల అక్క చెయ్యి పట్టుకునింది.

"ఆయనట్లనే అడుగుతాడులే అక్కా. ఆయనకు తెల్దు. నువ్వు ఏడవాక" అనింది.

ఆమె కేతకి దిక్కు తిరిగింది. కొంగుతో కళ్లు తుడుచుకొని, కేతకి భుజం నిమిరింది. "నువ్వూ ఏడవాకమ్మా. మీ నాయనకు నువ్వన్నా కాస్త బుద్ధి చెప్పు" అనింది. బస్సు హారను కొడితే రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి, "ఏ ఊరు తల్లీ మీది?" అని అడిగింది.

"కొమరోలు అక్కా" అనింది కేతకి.

"అనుకుంటిలే. నోరు తెరవంగానే తెలిసింది" అని ఆమె బస్సెక్కి పోయింది.